ఉడికిన రొయ్య, రెండు ముద్రలు

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరాన ఉన్న టాల్మన్స్ కోవ్ పోస్టాఫీసులో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు గుమ్మం బయట ఉండి కబుర్లు చెప్పుకోవాలి. అంత చిన్నది. ఆ గదిలో లెటీ క్రౌలీ ముప్ఫై ఒక్క ఏళ్లుగా పోస్ట్‌మాస్టరు. సంచులు విప్పేదీ ఆవిడే, ఉత్తరాలు సర్దేదీ ఆవిడే, చలికాలంలో పొయ్యిలో కట్టెలు వేసేదీ ఆవిడే. ఈ పనులన్నిట్లోకీ ఆవిడకి ముద్ర కొట్టడమంటే ప్రాణం. సీలుని ఇంకులో ఒక్కసారి అద్ది స్టాంపు మీద ధన్‌మని వేస్తే ఊరి పేరు అక్షరం అక్షరం చదువుకునేటట్టు పడాలి. మసకగా పడిందంటే ఆ పూట ఆవిడకి చేపల సూపు కూడా సయించదు.

ఆ పట్టుదల ఆవిడకి అంటించి పోయింది మిస్ థేయర్.

మిస్ కాన్‌స్టెన్స్ థేయర్ ప్రతి వేసవికీ బోస్టన్ నుంచి వచ్చి కొండకొమ్ము దగ్గర చెక్క ఇంట్లో ఉండేది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో తాడుకి కట్టిన భూతద్దం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా రాళ్ల గుంటల దగ్గర బోర్లా పడుకుని నత్తల్నీ నాచునీ చూస్తూ గంటలు గంటలు గడిపేది. మొదట్లో ఎవరో రాళ్ల మీద పడి చచ్చిపోయారనుకుని జనం పరుగెత్తుకెళ్లారు. అలా చూసినదంతా పుస్తకాలుగా రాసింది. మామూలు మనుషులకి అర్థమయ్యేటట్టు అలాంటి సంగతులు రాయడం అప్పటికి ఎవరికీ తెలియదు. చివర్లో రాసిన పుస్తకం బ్లూబెర్రీ పొలాల మీద విమానాలు చల్లే పురుగుమందు గురించి. ఆ మందు వాగుల్లో పడి మా సముద్రంలోకి ఎలా వస్తోందో, తేనెటీగలు ఎందుకు కనపడడం లేదో, పక్షి గుడ్లు ఎందుకు చితికిపోతున్నాయో అన్నీ విప్పి చెప్పింది. దేశమంతా చదివింది ఆ పుస్తకం.

అది మాత్రమేనా, మనిషికి ఉత్తరాల పిచ్చి కూడా ఉండేది. ప్రభుత్వం వాళ్లకీ, మందుల కంపెనీలకీ, పత్రికలకీ తప్పు కనపడినప్పుడల్లా ఉత్తరం. వారానికి నాలుగైనా తెచ్చి కిటికీలోంచి తోసేది.

“లెటీ, ముద్ర గట్టిగా కొట్టమ్మా. ఇలాంటి ఊరొకటి ఉందని అక్కడెవరూ నమ్మరు. నేను కల్పించానంటున్నారు.”

“ఊరు కల్పించడానికి మీకు తీరికెక్కడిదండీ?” అని లెటీ గట్టిగా కొట్టేది.

మిస్ థేయర్ పోయి పదిహేడేళ్లయ్యింది. పంతొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం చలికాలంలో తపాలా శాఖ నుంచి లెటీకి ఒక ఉత్తరం వచ్చింది. ఆవిడ పేరు మీద స్టాంపు వేస్తున్నారట. మే పదమూడున విడుదలట. సభ టాల్మన్స్ కోవ్‌లోనేనట. లెటీ ఒక్కతే ఉన్న గదిలో ఎగిరి గంతేసింది. తరవాతి పేజీ తిప్పి చూసేసరికి ఆ గంతు కాస్తా కూలబడింది. స్టాంపులు పోగుచేసుకునేవాళ్ల కోసం విడుదలైన మొదటిరోజు తారీఖుతో ముద్ర వేయాల్సిన కవర్లు పద్దెనిమిది వేలున్నాయట. మీ ఆఫీసులో ఉన్నది ఒక్క మనిషి కనక ఆ పని పట్నంలో యంత్రాల మీద చేయిస్తామనీ, ముద్రలో పట్నం పేరే ఉంటుందనీ రాశారు.

“అంటే ఉపన్యాసాలు మనకీ, పేరు వాళ్లకీనా?” అంది లెటీ మొగుడితో.

ఆజ్రో లాబ్‌స్టర్లు, అంటే మూరెడేసి సముద్రపు రొయ్యలు, పట్టే మనిషి. చెప్పులో ముల్లు దిగినా తీరిగ్గా చెప్పే రకం. “రాయి మరి, నువ్వూ ఒక ఉత్తరం,” అన్నాడు. “ఆవిడైతే ఈపాటికి రెండు రాసేది.”

లెటీ మూడు పేజీలు రాసింది. మిస్ థేయర్ పట్నంలో ఒక్క ఉత్తరమైనా పోస్టు చేయలేదనీ, ఆవిడ స్టాంపు మీద ముక్కూ మొహం తెలియని ఊరి పేరు పడితే ఆవిడ ఊరుకోదనీ రాసింది. నెల తరవాత ప్రెస్కాట్ అనే ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి జవాబొచ్చింది. స్టాంపులు అతికించిన కవర్లు శుక్రవారం పొద్దున పంపుతాం, నాలుగు సీళ్లు ఇస్తాం, శనివారం పన్నెండింటికి లారీ బయల్దేరుతుంది, అప్పటికి మిగిలినవీ పాడైనవీ పట్నం పోతాయి అని.

పద్దెనిమిది వేలు. రోజున్నర. ఊళ్లో అంత వేగంగా చేతులాడించేవాళ్లు ఎవరంటే ఒక్కళ్లే. సార్డిన్ చేపల్ని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఆడవాళ్లు. వేళ్లకి గుడ్డపట్టీలు చుట్టుకుని, కత్తెరతో చేప తలా తోకా తీసి డబ్బాలో పేరుస్తుంటే చేతులు కనపడవు, డబ్బా నిండడం కనపడుతుంది. చేతుల కేసి చూసేవాళ్లని అక్కడ ఏడిపిస్తారు. కళ్లు పక్కమనిషి మీదా, నోరు ఊరి సంగతుల మీదా ఉండాలి.

వాళ్ల పెద్ద బ్యూలా బీల్. ఆజ్రోకి అక్క, లెటీకి ఆడపడుచు. చిక్కు అక్కడే ఉంది. బ్యూలా అత్తగారి వాళ్లకి బ్లూబెర్రీ పొలం ఉండేది. మిస్ థేయర్ పుస్తకం వచ్చిన ఏడు బెర్రీలు కొనేవాళ్లు లేక కుప్పలు కుప్పలుగా పారబోశారు. బ్యూలా పోస్టాఫీసులోనే, అందరి ముందూ, “మా నోట్లో మట్టికొట్టి పుస్తకాలు అమ్ముకుంటున్నావా?” అని అడిగేసింది. ఆ తరవాత మిస్ థేయర్ ఎదురైతే రోడ్డు దాటి అవతల నడిచింది. నాలుగు వేసవులు అలాగే నడిచింది. ఐదో వేసవికి మిస్ థేయర్ రాలేదు, రాదని కబురొచ్చింది. మందు ఆపాక వాగులోకి మళ్లీ చేపలొచ్చాయి, పొలం మళ్లీ పండింది. ఆ సంగతి మాత్రం బ్యూలా ఎత్తదు.

లెటీ స్టాంపు బొమ్మ ఉన్న కాగితం చేతబట్టుకుని బ్యూలా ఇంటికెళ్లింది. బ్యూలా వంటింట్లో కత్తెరకి సాన పెడుతోంది.

“రానే రా. ఎందుకొచ్చావో ఆజ్రో చెప్పాడులే. నేను రాను.”

“ఇంకా అడగనే లేదు బ్యూలా.”

“అడక్కుండానే చెప్పా. నీకు శ్రమ తగ్గించా.”

“నీ కోసం మొలాసిస్ పాకం బిస్కట్లు తెచ్చా.”

“అవి పెట్టి వెళ్లు.”

లెటీ బిస్కట్లు బల్ల మీద పెట్టి, పక్కనే కాగితం కూడా పెట్టి కూచుంది. బ్యూలా ఒక కంట బిస్కట్టు కేసీ ఒక కంట కాగితం కేసీ చూసింది. కాగితం తీసింది. దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది. కళ్లజోడు తెచ్చుకుంది.

బొమ్మలో మిస్ థేయర్ రాళ్ల గుంట పక్కన వంగి ఉంది. భూతద్దం ఉంది, రబ్బరు బూట్లున్నాయి. గుంటలో లాబ్‌స్టర్ ఒకటి మీసాలు ఊపుతూ ఉంది. గులాబీలా ఎర్రగా ఉంది.

“లెటీ! ఇది ఉడికిపోయిందే!”

“ఏది?”

“రొయ్యే! చూడు! ఎర్రగా కాల్చినట్టుంది! బతికున్నది ఎర్రగా ఉంటుందా ఎక్కడైనా? ఆవిడ సముద్రంలోకి చూస్తోందా, వంటగిన్నెలోకి చూస్తోందా?”

లెటీ ఆ బొమ్మని నెల రోజులుగా చూస్తోంది. మురిపెంలో రంగు పట్టించుకోలేదు. ఇప్పుడు చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. బ్యూలా కడుపు పట్టుకుని నవ్వింది. “పక్కన వెన్న గిన్నె కూడా వెయ్యాల్సింది!” అని మళ్లీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగిపోయింది. మొహం మారిపోయింది.

“సిగ్గులేకపోతే సరి,” అంది. “ఆ మనిషి మా తమ్ముడి పడవలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూచుంది, రొయ్య రంగు రాసుకోడానికి. గుర్తుందా? నాలుగుసార్లు వాంతి చేసుకుంది. అయినా దిగలేదు. నలుపు కలిసిన ఆకుపచ్చ, అంచుల్లో ఇటుక రంగు, అని రాసుకుంది. ఆజ్రో చెప్పి చెప్పి మా చెవులు తినేశాడు. అంత కచ్చితమైన మనిషి పక్కన ఉడికిన రొయ్యని పెడతారా?”

“నీకావిడంటే పడదుగా,” అంది లెటీ నెమ్మదిగా.

“పడదు. పడకపోతే? అబద్ధాలకోరని నేనెప్పుడన్నా అన్నానా? ఆవిడ రాసింది నిజం కాబట్టే ఒళ్లు మండింది.” బ్యూలా బిస్కట్టు ఒకటి తీసి కసుక్కున కొరికింది. “బొమ్మ ఎలాగూ తగలేశారు. ముద్ర కూడా పట్నం వాళ్ల చేతుల్లో పెడితే ఇంకేం మిగులుతుంది? ఎన్ని కవర్లన్నావ్?”

“పద్దెనిమిది వేలు.”

“అంతేనా? మా వైనోనా మధ్యాన్నం లోపల అంతకంటే ఎక్కువ చేపల తలలు తీస్తుంది. ఒక్క మాట. చేపల పడవలొచ్చి ఫ్యాక్టరీ ఈల వేసిందంటే మేం లేచిపోవాలి. ఎక్కడున్నా సరే.”

శుక్రవారం పొద్దున పట్నం నుంచి లారీ వచ్చింది. పదమూడో తారీఖు శుక్రవారం వస్తే అపశకునమని పడవ తీయకుండా ఆజ్రో ఊళ్లోనే ఉండి పెట్టెలు దించాడు. చర్చి కింద పెద్ద గదిలో బల్లలు వేశారు. ఇన్‌స్పెక్టర్ ప్రెస్కాట్ సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాకి కాళ్లొచ్చినట్టున్నాడు. నాలుగు సీళ్లూ లెక్కపెట్టి ఇచ్చాడు. వాటి మీద ‘టాల్మన్స్ కోవ్, మెయిన్’ అనీ తారీఖూ ఉన్నాయి. లెటీ సీలుని ముక్కు దగ్గర పెట్టుకుని కొత్త లోహం వాసన చూసింది.

ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. ఒకళ్లు కవరు బల్ల మీద పెట్టాలి, రెండోవాళ్లు కుడి చేతి వైపు పై మూలన ముద్ర కొట్టాలి, మొదటివాళ్లు తీసి ట్రేలో పెట్టాలి. లెటీ నాలుగు కవర్లు చేసి చూపించింది.

“స్టాంపు ఎప్పుడూ ఈ మూలనే ఉంటుంది. ముద్ర సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడాలి. చూసి కొట్టండి.”

“చూసి కొట్టాలట,” అంది ఫ్లోసీ, గదిలో అందరికంటే వయసులో పెద్దది. “పెళ్లైన కొత్తలో చూశా, చేతుల కేసి.”

అందరూ గొల్లుమన్నారు. లెటీకి అక్కడ నిలబడే తీరిక లేకపోయింది. పోస్టాఫీసు అరుగు మీద సభ. బడిపిల్లల బ్యాండు, జెండాలు, నలుగురు పెద్దమనుషుల ఉపన్యాసాలు. మిస్ థేయర్ గురించి అందరూ గొప్పగా చెప్పారు గానీ ఆవిడ భూతద్దం తాడు చేపల వలది అని చెప్పినవాడు ఒక్కడూ లేడు. సభ అయ్యాక స్టాంపులు కొనుక్కునే జనం కిటికీ దగ్గర సాయంత్రం దాకా తెమల్లేదు. మధ్యలో రెండుసార్లు లెటీ చర్చి గుమ్మం దాకా పరుగెత్తి వచ్చి చూసింది. నాలుగు బల్లల దగ్గరా ధన్, ధన్, ధన్. నోళ్లు ఆగడం లేదు, చేతులు ఆగడం లేదు. ఎవరి మనవరాలో ఎవరితోనో సినిమాకెళ్లిన సంగతి వైనోనా చెబుతోంది. లెటీ గుండె నిండిపోయింది. నాలుగింటికి బ్యూలా వచ్చి, “పన్నెండు వేలు,” అంది, అదో లెక్కా అన్నట్టు.

ఆ రాత్రి లెటీ హాయిగా నిద్రపోయింది.

శనివారం పొద్దున ఏడింటికి ఓవెన్లో సాయంత్రానికి బీన్స్ పెట్టి, లెటీ అందరికంటే ముందు చర్చికెళ్లింది. ఇంకు ఆరిందో లేదోనని ఒక ట్రేలోంచి కవరు తీసింది. బాగా ఆరింది. ముద్ర బ్రహ్మాండంగా పడింది. దాని కిందది తీసింది.

దాని మీద స్టాంపు శుభ్రంగా, మచ్చలేకుండా ఉంది. ఎదురు మూలన, ఎడమ వైపు అడుగున, తలకిందులుగా ముద్ర ఉంది.

మూడోది తీసింది. సరిగ్గా ఉంది. నాలుగోది తలకిందులు. ఐదోది బాగుంది. ఆరోది తలకిందులు. లెటీ ఇంకో ట్రే లాగింది. ఇంకోటి లాగింది. బల్ల మీద కూలబడింది.

బ్యూలా వచ్చేసరికి లెటీ ఒళ్లో రెండు కవర్లు పెట్టుకుని ఉంది.

“ఏమైందే? ఎవరన్నా పోయారా?”

“బ్యూలా, వీటిని ఎలా పేర్చారు?”

“ఎలా పేరుస్తాం? తలా తోకా. ఒకటి ఇటూ, ఒకటి అటూ.”

“ఎందుకూ?”

బ్యూలా తెల్లబోయింది. “ఎందుకేమిటే? తలలన్నీ ఒకవైపు పెడితే డబ్బా మూత పడుతుందా?” అంటూనే కవరు కేసి చూసింది. తన చేతుల కేసి చూసుకుంది. ఇరవై ఆరేళ్లుగా చేపని ఒకటి ఇటూ ఒకటి అటూ తిప్పిన చేతులు. చూడకుండా తిప్పిన చేతులు. కవర్లని కూడా అలాగే తిప్పాయి. వెనకే వచ్చిన ఫ్లోసీ, వైనోనా, మిగతావాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో అంతమంది ఆడవాళ్లు ఒక్కసారిగా నోరు మూసుకోవడం అంతకుముందెప్పుడూ జరగలేదు.

“ఆరు వేలు,” అంది లెటీ. “ఆరు వేలు పాడుచేశాం. ఇంకా ముట్టుకోనివి ఆరు వేలున్నాయి. వీటన్నిటి మీదా పట్నం పేరే.”

“ఆ ఇస్త్రీ చొక్కాకి చెప్పొద్దు,” అంది ఫ్లోసీ. “పైన మంచివి పేర్చి పంపేద్దాం. ఫ్యాక్టరీలో మేం చేసేదీ అదే.”

“ఓసి దొంగముండా!” అంది బ్యూలా, నవ్వాపుకోలేక.

లెటీ తల అడ్డంగా ఊపింది. తప్పు కనపడితే ఉత్తరం రాసే మనిషి స్టాంపు అది. ఆ స్టాంపుతోనే తప్పు దాచిపెట్టి పంపితే ఊరి పేరు పడినా ఒకటే, పడకపోయినా ఒకటే. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ప్రెస్కాట్ వచ్చి శుభోదయం చెప్పేలోపే లెటీ రెండు కవర్లు చేతిలో పెట్టింది.

ఆయన రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. “ఎన్ని?”

“ఆరు వేలండీ.”

“అన్నీ ఇలాగేనా? ఒకటి తప్పించి ఒకటా?” ఆయన మాటలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. “ఇంత పద్ధతిగా తప్పు చేసినవాళ్లని నేనెక్కడా చూళ్లేదు.”

“పద్ధతి లేకుండా మేం ఏదీ చెయ్యమండీ,” అంది బ్యూలా.

“క్షమించండి లెటీ గారూ. పాడైనవి పట్నం పంపాలి. ఒప్పందం అదే. మిగతావి కూడా ఇప్పుడే ఎక్కించేస్తే మంచిదేమో.”

తలకిందుల ముద్ర పడ్డ కవరుని లెటీ ఆయన చేతిలోంచి తీసుకుంది. బల్ల మీద పెట్టింది. పెట్టిన కవరుని సగం చుట్టు తిప్పింది. స్టాంపు ఇప్పుడు కుడి చేతి వైపు పై మూలకి వచ్చింది. సీలు ఇంకులో అద్ది ధన్‌మని కొట్టింది. ముద్ర కళ్లకద్దుకునేటట్టు పడింది. స్టాంపు మీద ఒకటి, ఎదురు మూలన ఒకటి. ‘టాల్మన్స్ కోవ్’ రెండుసార్లు.

“ఒక కవరుకి రెండు ముద్రలా?” అన్నాడు ప్రెస్కాట్.

“స్టాంపు పాడైందా?”

“లేదు.”

“స్టాంపు మీద ముద్ర సరిగ్గా ఉందా?”

“ఉంది. ఆ రెండోది...”

“అయ్యా, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉత్తరాలు చూస్తున్నా. అడ్రసు దొరక్క నాలుగు ఊళ్లు తిరిగొచ్చిన ఉత్తరం మీద నాలుగు ముద్రలుంటాయి. మీరెప్పుడైనా అలాంటిదాన్ని పాడైందని పారేశారా?”

“లేదు.”

“ముద్ర అంటే ఏంటి? ఈ ఉత్తరం ఈ ఊరి చేతుల్లోంచి వెళ్లిందని సాక్ష్యం. ఇవి మా చేతుల్లోంచి రెండుసార్లు వెళ్లాయి. అబద్ధం ఏముంది అందులో?”

ప్రెస్కాట్ జేబులోంచి చిన్న నిబంధనల పుస్తకం తీశాడు. నిలబడే పేజీలు తిప్పాడు. ఆడవాళ్లంతా ఆయన వేలు ఎక్కడ ఆగుతుందోనని చూస్తున్నారు. వేలు కిందకి పోయింది, పైకొచ్చింది, ఇంకో పేజీకి పోయింది.

“ముద్ర లేకుండా ఏ కవరూ పోకూడదని ఉంది,” అన్నాడు చివరికి. “ఎక్కువ పడకూడదని ఎక్కడా లేదు.” గడియారం చూసుకున్నాడు. “కానీ లారీ మాత్రం పన్నెండింటికే. ఏడూ ముప్పావైంది.”

“విన్నారుగా!” అని అరిచింది బ్యూలా. “ఇవాళ తలలన్నీ ఒకవైపే! చేతుల కేసి చూడండి! చూడనిదాని వేళ్లు విరగ్గొడతా!”

ఆ ఉదయం ఆ గదిలో విడ్డూరం ఏమిటంటే, ఎవరూ కబుర్లు చెప్పుకోలేదు. చెప్పుకుంటే చేతులు పాత దారి పట్టేస్తున్నాయి. వైనోనా రెండుసార్లు మర్చిపోయి మనవరాలి సంగతి ఎత్తింది, రెండుసార్లూ కవరు తిరగబడింది. “నోరు మూసుకుని పనిచెయ్యడం ఇంత కష్టమని తెలిస్తే వచ్చేదాన్ని కాదు,” అని గొణిగింది ఫ్లోసీ. బ్యూలా ప్రతి కవరుకీ “తల... తల... తల...” అని పైకే అంటోంది. లెటీ తలకిందులవి ఏరి తిప్పి అందిస్తోంది. తొమ్మిదయింది, పదయింది. పెట్టెలు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. పదిన్నరకి తప్పుపడ్డ ఆరు వేలూ, ముట్టుకోనివాటిలో సగం పైనా అయిపోయాయి.

పదకొండుంపావుకి ఫ్యాక్టరీ ఈల వేసింది.

పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. చేపల పడవలొచ్చాయి. సీళ్లు గాల్లో ఆగిపోయాయి. అందరూ బ్యూలా కేసి చూశారు. చేపలు ఎండలో ఉంటే ఎవరి కోసమూ ఆగవు, ఆ సంగతి లెటీకీ తెలుసు. మిగిలినవి ఐదు వందల పైన ఉన్నాయి.

“వెళ్లండి,” అంది లెటీ. “మాటంటే మాటే.”

బ్యూలా అప్పటికే గుడ్డపట్టీలు వేళ్లకి చుట్టుకుంటోంది. గుమ్మం దగ్గర ఆగి ప్రెస్కాట్ కేసి వేలు చూపించింది. “ఏమయ్యా, నీకు రెండు చేతులున్నాయిగా? గడియారం చూడ్డానికేనా?”

వాళ్లు వెళ్లాక గది బోసిపోయింది. లెటీ సీలు అందుకుంది. ప్రెస్కాట్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, మడతలు సరిచేసి, ఎదురుగా కూచున్నాడు. కవరు పెట్టాడు. అంచులు బల్ల అంచుకి సమానంగా ఉన్నాయో లేదో చూసి వేలితో సర్దాడు.

“అయ్యా, దుప్పటి పరుస్తున్నారా?” అంది లెటీ. “పెట్టండి, లాగండి!”

పెట్టాడు, లాగాడు. పదో కవరుకి చొక్కా చేతులు మడిచాడు. నలభయ్యోదానికి మెడలో టై భుజం మీదకి పోయింది. అప్పుడే పడవ దిగి వచ్చిన ఆజ్రో తడి బూట్లతో గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, ఒక్క మాటైనా అడక్కుండా ఇంకో సీలు తీసుకుని పక్క బల్ల దగ్గర కూచున్నాడు. తనే పెట్టుకున్నాడు, తనే కొట్టుకున్నాడు. ముద్రలు కాస్త వంకర పడ్డాయి గానీ మసక పడలేదు. ఆ ఇంట్లో అన్నేళ్లు కాపురం చేసినవాడు మసకగా కొడతాడా?

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టేసరికి లెటీ చేతిలో ఆఖరి కవరుంది. నాలుగో గంటకి ముద్ర పడింది. పన్నెండో గంటకి ఆజ్రో పెట్టె మూసి భుజానికెత్తుకున్నాడు. ప్రెస్కాట్ కోటు కోసం లేచాడు. ఆయన చొక్కాకి ఛాతీ నడిమధ్యన ఇంకు మరక పడింది. గుండ్రంగా, అక్షరాలతో సహా. ‘టాల్మన్స్ కోవ్, మెయిన్’.

“పాడైనవి పట్నం పోతాయన్నారుగా,” అన్నాడు ఆజ్రో. “ఇదొకటి వెళుతోంది.”

ప్రెస్కాట్ నవ్వాడు. లారీని ముందు పంపేసి, సాయంత్రం బీన్స్ తిన్నాకే వెళ్లాడు, రెండుసార్లు వడ్డించుకుని.

జూన్‌లో కవర్లు అందుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకాయన, నాకెందుకు రెండు ముద్రలు పడ్డాయి అని అడిగాడు. తొమ్మిది మంది, మాకెందుకు ఒక్కటే పడింది అని అడిగారు. లెటీ అందరికీ ఉన్నదున్నట్టు రాసింది, సార్డిన్ డబ్బా సంగతితో సహా.

ఆ నెలాఖరున ఒకరోజు పోస్టాఫీసులో ఎవరూ లేనప్పుడు బ్యూలా వచ్చింది. చేతిలో కవరుంది. దాని మీద అడ్రసు పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ కష్టపడి గీసినట్టుంది. తపాలా శాఖ, వాషింగ్టన్ అని.

“ఇంతకుముందెప్పుడూ ఇలాంటిది రాయలేదు,” అంది. “చదువు. తప్పులుంటే చెప్పు.”

లెటీ చదివింది. ‘అయ్యా, బతికున్న లాబ్‌స్టర్ ఎర్రగా ఉండదు. నలుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, అంచుల్లో ఇటుక రంగు. ఇది మిస్ థేయర్ గారికి బాగా తెలుసు. ఆవిడ లేరు కాబట్టి నేను చెబుతున్నాను. బ్యూలా బీల్.’

“ఒక్క తప్పూ లేదు,” అంది లెటీ.

“అయితే స్టాంపియ్యి. ఆవిడదే.”

లెటీ స్టాంపిచ్చింది. బ్యూలా జేబులోంచి పిల్లల రంగు పెన్సిలు ముక్క తీసి, నాలిక కొస మీద తడిచేసి, ఆ స్టాంపు మీద రొయ్యని ఓపిగ్గా నల్లటి ఆకుపచ్చ చేసింది. కళ్లజోడు పైకి తోసి చూసుకుంది. అతికించి కిటికీలోంచి లోపలికి తోసింది.

“గట్టిగా కొట్టవే,” అంది. “ఇలాంటి ఊరొకటి ఉందని వాళ్లకి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.”

లెటీ సీలు ఇంకులో అద్ది ధన్‌మని కొట్టింది. రొయ్య మీద పడకుండా, పక్కనే, అక్షరం అక్షరం కనపడేటట్టు పడింది.

బ్యూలా కదల్లేదు. కిటికీ మీద మోచెయ్యి ఆనించి నిలబడింది.

“రెండోదేదే?”

లెటీ కవరుని సగం చుట్టు తిప్పింది.